పరదేశములో లేని సిగ్గు

ఓరుగల్లులో పుట్టి, ఇంజనీరింగు చదివి, పైచదువునకై ఫ్రాన్సు దేశమునకు వెళ్ళిన యువకుడొకడు అచ్చట చదువు ముగించినాడనుకొందము. ఉద్యోగమునకై తిరుగుటకు మారుగా అతడు చిన్న వ్యాపారమొకటి పెట్టదలచినాడు. మోటారుతో నడచు యంత్రమును కొని, దాని గొట్టమునుండి బాణమువలె వెడలు నీటితో ఇండ్ల గోడలు, మెట్లు, పైకప్పుల పెంకులు, వాకిళ్ళు కడిగి ప్రతిఫలము పుచ్చుకొనుట ఆ వ్యాపారము. ఆ యంత్రమును ప్రెషర్ వాషర్ అందురు. ఈ సంగతి ఫోనులో విన్న తాతగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "ఇంత చదివిస్తిమి. ఒకరి వాకిలి కడుగుడుకేనా బిడ్డా?" అన్నారు. మనుమడు, "ఇక్కడ దానికి ఎవ్వరూ నవ్వరు తాతా" అన్నాడు.

ఇది కల్పితమైన సంభాషణయే. కాని పిల్లలు విదేశములలో ఉన్న కుటుంబములవారు దీనిని ఏదో ఒక రూపమున వినియే యుందురు. హోటలులో పళ్ళెములు కడుగు పిల్లవాడు, పెట్రోలు బంకులో రాత్రి కాపలాయుండు పిల్లవాడు, వృద్ధాశ్రమములో ముసలివారికి స్నానము చేయించు పిల్ల, అందరును చెప్పునది ఆ ఒక్క మాటయే. అందువలన దానిని కొంచెము నిలిపి చూడవలసియున్నది. తాతగారు పని హీనమనుచున్నారు. మనుమడు హీనము కాదని అనలేదు. ఇక్కడ ఎవ్వరూ నవ్వరని మాత్రమే అన్నాడు. పైకి వాదులాడుకొనుచున్నట్లు కనబడినను, పని విలువను కొలుచుటకు పొరుగువాని నవ్వునే ఇద్దరును కొలబద్దగా పట్టుకొన్నారు. ఆ కొలబద్ద సరియైనదేనా అనునదే ఇచ్చటి విచారణ.

వీరశైవుల ఇండ్లలో ఈ ప్రశ్న ఉదయించుటయే ఒక వింత. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల పేర్లను వారి వృత్తులతో కలిపియే లోకము నేటికిని పలుకుచున్నది. మడివాళ మాచయ్య బట్టలుతికినాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినాడు. సత్యక్క భక్తుల ముంగిళ్ళు ఊడ్చుటనే తన కాయకముగా గైకొన్నది. ఈ కథలలో పెక్కింటిని తెలుగువారికి ద్విపదలో అందించిన పాల్కురికి సోమనాథుని ఊరు ఎచ్చటనో లేదు. నేడు జనగామ జిల్లాలోనున్న పాలకుర్తియే. ఓరుగల్లునుండి ఒక్క పూటలో పోయి రాదగిన దూరము. తాతగారు పురాణకాలక్షేపములో మాచయ్య కథను ఎన్ని పర్యాయములు వినియుందురో!

ఆ కథలో ఒక సంగతి తరచుగా మరుగున పడుచున్నది. మాచయ్య అందరి బట్టలును ఉతుకలేదు. శరణుల బట్టలనే ఉతికినాడు. రాజు బట్టలనైనను కాదనగలిగినాడు. దానము చేయుచున్నానను గర్వపుటణువు బసవేశ్వరుని మనస్సులో మెదలినప్పుడు దానిని సరిదిద్దినవాడును ఈ చాకలియేయని పురాణము చెప్పుచున్నది. అనగా అతని పని దాస్యము కాదు. ఏ మురికిని తాకవలెనో, దేనిని తాకరాదో నిర్ణయించుకొను అధికారము అతని చేతిలోనే యుండెను. కాయకమునకును వెట్టికిని భేదము చేయు పనిలో లేదు, ఈ అధికారములోనున్నది.

కథలు వినువారు తమ యింటిలో ఏమి చేయుచున్నారను ప్రశ్న మాత్రము అంత సుఖమైనది కాదు. మఠములో ఉత్సవమునాడు దాసోహము జరుగును. పంక్తులు లేచును. విస్తళ్ళు తీయువారెవరు? భక్తులే కొంగు బిగించి, పంచె ఎగగట్టి తీయుచున్న మఠములు కలవు, అవి ధన్యములు. ఆ పనికి మాత్రము వేరొక వాడనుండి మనుషులను పిలిపించి, వారికి వెనుక తలుపు ప్రక్కన అన్నము పెట్టు చోట్లును లేకపోలేదు. మాచయ్య పటమునకు పూలమాల వేసిన చేతితోనే చాకలివానికి దూరమునుండి బట్టల మూట విసరిన కాలము మన పెద్దలకు జ్ఞాపకముండియే యుండును. తాతగారి మౌనము ఆ కాలమునుండి వచ్చినది.

ఇక ఆ పని స్వరూపము చూతము. ఇంటి కుళాయిలో నీటి పీడనము సుమారు మూడు బార్లుండును. గృహోపయోగమునకు అమ్ము యంత్రములు దానిని నూరు, నూటయేబది బార్ల వరకు పెంచును. వృత్తిదారుల యంత్రములు ఇన్నూరునకు పైబడును. ఆ ధారను దగ్గరనుండి చేతిపై పడనిచ్చినచో చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. జర్మనీ దేశపు కేర్ఖర్ సంస్థ 1950లో వేడినీటితో పనిచేయు ఇట్టి యంత్రమును ఐరోపాలో మొదటగా తయారుచేసినది. ఫ్రాన్సులో ఆ సంస్థ పేరే యంత్రమునకు వాడుక పేరైనది, మనవారు వనస్పతి నంతటిని డాల్డా యనునట్లు. ఆ దేశమున చలి, తేమ యెక్కువగుటచే ఇంటి పెంకులపై, రాళ్ళపై నాచు పట్టును. పారిస్ నగరములో కనీసము పదేండ్ల కొకసారి గోడల ముఖములను శుభ్రపరచవలెనను నియమమునకు 1852 నాటి శాసనము మూలము. 1959లో సాంస్కృతిక మంత్రియైన ఆంద్రే మాల్రో పొగచూరి నల్లబడిన పారిస్ కట్టడములను కడిగించినప్పుడు, తమ నగరపు రాయి తేనెవన్నె కలదని అచ్చటి జనులు క్రొత్తగా చూచిరట. కడుగుటయనగా లేని సొంపును తెచ్చిపెట్టుట కాదు, ఉన్నదానిని కనబడనిచ్చుట. ఈ పనిలో సిగ్గుపడదగిన దేమున్నది?

కాని భయపడదగినది కొంత కలదు. పారిస్ సున్నపురాయి కాలక్రమమున తనపై తానే గట్టి పొరనొకదానిని ఏర్పరచుకొనును. మురికి దాని మీదనుండును. తెలియనివాడు బలమెక్కువ పెట్టినచో మురికితో పాటు ఆ పొరయు లేచిపోవును. అప్పటినుండి రాయి లోపల వానకు నానుచు పొడిపొడిగా రాలును. ఇంటివాడు మాత్రము ఆనాడు తెల్లని గోడను చూచి సంతోషించి సొమ్ము చెల్లించును. చెడుగు బయటపడుటకు ఏండ్లు పట్టును. అప్పటికి కడిగినవాడు మరియొక వీధిలోనుండును. 1163లో కట్టిన వేయిస్తంభముల గుడిలోనో, 1213 నాటి రామప్పగుడిలోనో స్తంభములపై వ్రేలు నడిపి చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. ఎనిమిది వందల యేండ్ల వానకు నిలిచిన నునుపు తొందరపాటు మనిషి చేతిలో ఒక మధ్యాహ్నమునకు నిలువదు. "ఈ గోడకు ఈ బలము తగదు, కావలసినచో మెత్తని కుంచెతో రెండు దినములు కడిగెదను" అని చెప్పి, కూడదన్నచో పని వదలుకొని రాగల తెగువ ఆ యువకునికి ఉన్నదా? రాజు బట్టలను కాదన్న చాకలి అతనికి పనికివచ్చునది ఇచ్చటనే.

బలము మాట వచ్చినది కనుక ఒక సంఘటన చెప్పక తప్పదు. 2005లో పారిస్ నగరపు శివారైన లా కూర్నవ్‌లో తుపాకి గుండు తగిలి ఒక బాలుడు మరణించినప్పుడు, నాటి హోం మంత్రి నికోలా సర్కోజీ ఆ పేదల వాడను ఈ కడుగు యంత్రము పేరు చెప్పియే శుభ్రము చేయింతునన్నాడు. దుండగుల నుద్దేశించి అంటినని అతని సమర్థన. వాడలోని వారికి మాత్రము తామే మురికి అన్నట్లు వినబడినది. వారిలో ఎక్కువమంది వలస వచ్చినవారి బిడ్డలు. ఆ మాట నేటికిని ఆ దేశమున మానలేదు. మన దేశమునకు ఇది క్రొత్త కాదు. మురికిని కడుగువానినే మురికిగా లెక్కించుటలో మనకున్న అనుభవము వారికంటె చాల పాతది. ఫ్రాన్సులో ఎవ్వరూ నవ్వరను మనుమని మాట కూడ పూర్తిగా నిజము కాదని దీనివలన తెలియుచున్నది. నవ్వు అచ్చట వేరొక గుమ్మము ముందర నిలుచున్నది, అంతే.

తరువాతి ప్రశ్న, కడిగిన నీరు ఎచ్చటికి పోవుచున్నది? ఇది చిన్న ప్రశ్న వలె కనబడును. కాని ఈ వ్యాపారపు ధర్మమంతయు దాదాపుగా ఇందులోనే యున్నది. గోడనుండి దిగిన నాచు, నూనె జిడ్డు, పాత రంగు, నాచును చంపుటకు చల్లిన మందు, అన్నియు నీటితో కలిసి వీధికాలువలో పడును. అచ్చటి అనేక పట్టణములలో వాననీటి కాలువ వేరు, మురుగుకాలువ వేరు. వాననీటి కాలువ శుద్ధి లేకయే నదికి పోవును. ఇంటివాడుక నీరు కాని దానిని మురుగుకాలువలో వదలుటకు సయితము ముందుగా అనుమతి పొందవలెనని వారి ప్రజారోగ్య చట్టము చెప్పుచున్నది. ఒకని గోడ తెలుపు మరియొకని యేటి నలుపు కారాదని దాని తాత్పర్యము. 2022 వేసవిలో ఆ దేశము కఠినమైన కరువును చూచినది. అట్టి వేళలలో జిల్లా అధికారులు నీటి వాడుకపై నాలుగు మెట్లుగా ఆంక్షలు ప్రకటింతురు. చివరి మెట్టున ఆరోగ్యరక్షణకు తప్ప గోడలు కడుగుట నిషిద్ధము. ఆ దినములలో ఈ వ్యాపారి ఆదాయము సున్న. ఊరి చివర తోటలో, ఎవ్వరూ చూడని ఇంటిలో, గోడ కడుగుమని ఒకడు రెట్టింపు సొమ్ము చూపించినచో?

ఓరుగల్లువారు ఈ కాలువ ప్రశ్నను ఎదుర్కొననివారు కారు. సెప్టిక్ ట్యాంకులు తోడు బండ్లు తోడిన దానిని ఎచ్చట పడితే అచ్చట, చెరువు గట్టునో చేలలోనో, వదలిపోవుచుండగా, 2016లో నగరపాలక సంస్థ ఆ బండ్లకు నిబంధనలు ఏర్పరచినది. పిదప అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రము వెలసినది. మన ట్యాంకు ఖాళీయైనదని తృప్తి పడు గృహస్థుడు, ఆ బండి గేటు దాటిన తరువాత ఎటు పోయినదని ఎన్నడైన అడిగినాడా? శుచి అనునది గుమ్మము దగ్గర ఆగిపోవు గుణము కాదు గదా.

వ్యాపారపు చట్టముల సంగతి కొంచెము చెప్పి విడుతుము. విద్యార్థి అనుమతిపై ఉన్నవాడు ఏడాదికి 964 గంటలు జీతమునకు పని చేయవచ్చును గాని, ఆ అనుమతిపై సొంత వ్యాపారము పెట్టుకొనరాదు. చదువు ముగిసిన పిదప ఉద్యోగము వెదకుటకు లేదా సంస్థ స్థాపించుటకు ఇచ్చు వేరొక పత్రము పొందవలెను. 2009లో మొదలైన చిన్న వ్యాపారుల పద్ధతి అచ్చట సులభమైనదే. 2023నుండి నమోదంతయు ఒక్క కిటికీ వద్దనే జరుగుచున్నది. అయితే ఆ పద్ధతిలో సామాజిక బీమా సొమ్మును లాభముపై గాక వచ్చిన మొత్తముపై లెక్కింతురు. పెట్రోలు ఖర్చు, గొట్టము ఖర్చు తీసివేయుటకు వీలు లేదు. అందుచేత "చీటీ వద్దు, చేతిలో సొమ్మిత్తును" అను గిరాకి ఎదురైనప్పుడు మనస్సు జారుట సులభము. దానిని వారు నల్లపని అందురు. నల్లధనము తెలిసినవారికి అర్థము చెప్పనక్కరలేదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ సందర్భమునకే యున్నట్లున్నది. మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చువాడు. దానితోనే దాసోహము. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినాడు. చూచిన ఇల్లాలు మెచ్చుకొనలేదు. ఆశ మనకెందుకని మందలించి, అదనపు గింజలను తిరిగి అచ్చటనే పోసి రమ్మన్నది. పెక్కుమంది దీనిని పేదరికపు స్తుతిగా చెప్పుదురు. అది పొరపాటు. ఆమె కష్టార్జితమును కాదనలేదు. నిత్యపు శ్రమతో, నిత్యపు లెక్కతో సరిపడని అదనపు మూటనే కాదన్నది. చీటీ లేని సొమ్ము ఆ మూట వంటిదే. పరదేశపు లెక్క గదా, మోసగించిన దోషమేమియని అనువారున్నారు. ఆ దేశపు ఆసుపత్రిలో అతడు జ్వరమునకు మందు పుచ్చుకొనునది ఆ లెక్కలోని సొమ్ముతోనే.

ఇంతవరకు చెప్పినదంతయు సరిపడినను, అనగా ఆ యువకుడు రాయిని చెడగొట్టక, ఏటిని మలినపరచక, లెక్క దాచక పని చేసినను, తాతగారి ప్రశ్న ఇంకను అట్లే నిలిచియున్నది. పని పవిత్రమైనదే యైనచో దానిని చేయుటకు ఏడు వేల కిలోమీటర్ల దూరము ఏల పోవలెను?

ఈ యంత్రమునకు మన గడ్డపై కలిగిన గొప్ప ప్రయోజనమును తలచుకొనిన ఈ ప్రశ్న మరింత పదునెక్కును. మురుగుకాలువ పూడినప్పుడు మనిషిని లోనికి దింపుట మన నగరముల ఆచారము. విషవాయువు సోకి ఎందరు పోయినారో! మనుషులచే పాకీపని చేయించుటను 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టము నిషేధించినది. కాలువలలో మరణించినవారి కుటుంబములకు పది లక్షలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పునిచ్చి, 2023లో దానిని ముప్పది లక్షలకు పెంచినది. కోలారు బంగారు గనుల ప్రాంతమున తెలుగు పాకీపనివారి ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటమునకు జీవితమును ధారపోసి 2016లో మెగసెసే పురస్కారమును పొందినాడు. 2017లో హైదరాబాదు జలమండలి డెబ్బది చిన్న జెట్టింగు యంత్రములను రంగములోనికి దింపినది. సందులలోనికి పోగల చిన్న బండిపై అమర్చిన నీటిధార యంత్రములవి. దళిత వ్యాపారుల సంఘమైన డిక్కి తోడ్పాటుతో దళిత యువకులే వాటికి యజమానులైనారు. 2019లో ఢిల్లీ నగరము ఇన్నూరు యంత్రములతో ఆ బాట పట్టినది. ఫ్రాన్సులో పెంకుపై నాచును రాల్చు నీటిధారయే ఇచ్చట మనిషిని గోతిలోనికి దిగకుండ ఆపుచున్నది. సూత్రమొక్కటే, పంపు ఒక్కటే.

అయినను ఆ డెబ్బది బండ్ల యజమానులు ఏ వర్గమువారో చూడుడు. కాలువలోనికి దిగినవాడు కాలువ బండికి యజమానియగుట మేలే, గొప్ప మేలే. కాని వేరొక వర్గపు పట్టభద్రుడు ఆ బండి నడుపుదునని ముందుకు వచ్చునా? రాడు. అతడే విమానమెక్కి అటువంటి గొట్టమునే సంతోషముగా పట్టును. సిగ్గు పనిలో ఉండియుండినచో అది అతనితో పాటు విమానమెక్కవలసినది. ఎక్కలేదు, ఇచ్చటనే యుండిపోయినది. అది పనికి సంబంధించినది కాదు, కులమునకు సంబంధించినది. అచ్చట పొరుగువాడు అతని కులమును ఎరుగడు. కావున అతడు స్వేచ్ఛగా కడుగగలడు. అంతకంటె ముఖ్యముగా, అచ్చట లభించునది యూరో. రూపాయికి కడుగుట హీనమై, యూరోకు కడుగుట గౌరవమైనచో, ఆ గౌరవము పనికి చెందదు, మారకపు ధరకు చెందును. ఆ ధర తగ్గిననాడు గౌరవమును తగ్గును.

దూరమెందుకు? హనుమకొండలో ఏ చౌరస్తా దాటి నాలుగడుగులు వేసినను వాటర్ సర్వీసింగు బోర్డు కనబడును. ఒక రేకుల పాక, సిమెంటు గద్దె, దానిపై స్కూటరు. మోకాళ్ళ వరకు తడిసిన పంట్లాముతో ఒక కుర్రవాడు గొట్టము పట్టుకొని నీటిధారతో చక్రముల సందులలోని బురదను వదలగొట్టుచుండును. అది ఈ యంత్రమే. చలికాలపు ఉదయమున అతని వ్రేళ్ళు ముడతలు పడి తెల్లబడియుండును. బండి ఇచ్చి ప్రక్కన బల్లపై పత్రిక చదువుకొనుచు కూర్చుండువారిలో తాతగారును ఒకరు. నెలకొకసారి వచ్చుచునే యున్నారు. ఆ కుర్రవాని పేరు ఆయనకు తెలియదు. "ఓ పిలగా, బ్రేకు దగ్గర కూడ కొట్టు" అని మాత్రము అందురు.

ఫ్రాన్సులోని మనుమనికి తరువాతి యేడు పెండ్లి సంబంధములు వచ్చును. వానికి అచ్చట సొంత కంపెనీ యున్నదని చెప్పుకొందురు. ఏమి కంపెనీయని వియ్యాలవారు అడిగినచో, శుభ్రతా సేవలని పెద్ద మాటయొకటి సిద్ధముగా నుండును. అది అబద్ధము కాదు. కాని కల్యాణములో శరణుల మాటకు అసలు పరీక్ష జరిగినది వచన గోష్ఠిలో కాదు, పెండ్లి పందిరిలో. బ్రాహ్మణ వంశమున పుట్టిన మధువరసు తన కూతురిని చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి ఇచ్చినాడు. ఇద్దరు తండ్రులును బిజ్జలుని శిక్షకు ప్రాణములు కోల్పోయినారు. శరణులు అంతకు ముందు ఎన్ని యేండ్లు కూడి భుజించినను, కూడి పాడినను రాజ్యము ఊరకున్నది. ఇంటి పిల్లనిచ్చిన నాడే కదిలినది.

హనుమకొండ చౌరస్తాలోని ఆ కుర్రవాడును డిప్లొమా చదివినవాడే కావచ్చును. బ్యాంకు అప్పు తీర్చుకొని, రెండవ యంత్రము కొని, మరి ఇద్దరికి పని చూపినవాడే కావచ్చును. వాని మెడలోను లింగకాయ ఉండవచ్చును, ఉండకపోవచ్చును. తాతగారికి పెండ్లి యీడు మనుమరాలు కూడ ఉన్నది. రేపు బండి కడిగించుకొని వచ్చునప్పుడు ఆయన ఆ పిల్లవాని పేరు అడుగుదురా?